మధ్యవేలి గోమేధికం

ఉంగరం వేలినుంచి దిగేదాకా జగదల్‌పూర్ మాట ఎత్తొద్దన్నాడు చెన్నకేశవులు.

సుభద్ర ఎత్తలేదు. మాట మింగడం ఆమెకు అలవాటే. రాయ్‌పూర్ టెలిఫోన్ ఆఫీసులో పగలంతా హెడ్‌సెట్ తగిలించుకుని, ఊళ్లోవాళ్లు అడిగిన నంబర్లన్నీ వెతికి చెబుతూ కూర్చుంటుంది. డాక్టరుగారి నంబరు, గ్యాస్ దుకాణం నంబరు, ఎప్పుడో చచ్చిపోయినవాళ్ల నంబరు కూడా అడుగుతారు. సాయంత్రం దేవేంద్ర నగర్‌లో ఇంటికి చేరేసరికి గొంతులో ఒక్క మాట మిగిలి ఉండదు. ఆ మిగలకపోవడమే కాపురానికి ఇన్నాళ్లూ పనికొచ్చింది.

ఇప్పుడు ఆమెను జగదల్‌పూర్ ఆఫీసుకు సూపర్‌వైజరుగా వేస్తామన్నారు. అక్కడ ఒక గది, వంటిల్లు ఉన్న క్వార్టరు ఇస్తారు. ఇష్టమో కాదో శనివారం మధ్యాహ్నానికల్లా చెప్పాలి. నాలుగేళ్ల కిందట ఒకసారి ఇలాంటి అవకాశమే వస్తే, "దశ బాగోలేదు, ఇప్పుడు ఇల్లు కదలకూడదు" అన్నాడు మొగుడు. ఆమె వద్దని రాసిచ్చి వచ్చింది. ఈసారి మాత్రం వెళ్లాలనుంది. హోదా మీద మోజుతో కాదు. ఆ ఒక్క గదిలో తలుపు వేసుకుని, ఎవరికీ కంచం పెట్టకుండా, ఎవరి కేకకూ లేవకుండా, ఆదివారం పొద్దెక్కేదాకా పడుకోవాలనుంది. కోరిక మరీ ఇంత చిన్నది కావడం వల్ల ఎవరితోనూ చెప్పుకోలేకపోయింది.

చెన్నకేశవులుకు రాహుదశ పట్టినప్పుడు కూతురింకా ఒళ్లో పిల్ల. అతను అప్పట్లో టాటీబంధ్‌లో ఒక లారీల కంపెనీలో బుకింగ్ గుమాస్తా. కోవెల పంతులుగారు జాతకం చూసి, పద్దెనిమిదేళ్ల దశ, వెండిలో గోమేధికం కట్టించి మధ్యవేలికి పెట్టుకో, దశ దాటేదాకా తియ్యకు అన్నారు. పెట్టుకున్న కొన్నాళ్లకే యజమానితో పోట్లాడి ఉద్యోగం మానేశాడు. రాహువు. మందిర్ హసౌద్‌లో ఎవరితోనో కలిసి ఇటుకబట్టీ పెట్టి, వానలొస్తాయని తెలిసీ పైన కప్పు వేయించలేదు. పచ్చి ఇటుకలన్నీ తిరిగి బురదైపోయాయి. అదీ రాహువే. కూతురి పెళ్లిలో వియ్యంకుడితో మాటామాటా అనుకుని విస్తరి ముందు నుంచి లేచిపోయాడు. మళ్లీ రాహువు. సుభద్రకు కడుపులో ఆపరేషన్ జరిగిన రోజున ఆస్పత్రికి రాకుండా పేకాటలో కూర్చుండిపోయాడు. "కాళ్లు కట్టేశాడే రాహువు, లేద్దామంటే లేవలేకపోయాను" అన్నాడు మర్నాడు నారింజపళ్లు పట్టుకొచ్చి. ఆమె ఒక పండు ఒలుచుకుని తిన్నది.

నమ్మిందా అంటే, నమ్మితే బతుకు కాస్త తేలికయ్యేది. మొగుణ్ణి తిట్టుకుంటే, తిట్టిన నోటితోనే అతన్ని భోజనానికి పిలవాలి. రాహువునైతే తిట్టుకుని ఊరుకోవచ్చు. దశ పోతే మనిషి మారతాడని అత్తగారు అనేది, కూతురు అనేది, గిన్నెలు తోముకుంటూ సుభద్రా అనుకునేది.

ఆ రాయంటే చెన్నకేశవులుకు మహా గర్వం. నగల బజారులో సింహళం నుంచి వచ్చిన గోమేధికం చూపిస్తే అక్కర్లేదని చెప్పి, లారీ ఎక్కి దేవభోగ్ వైపు వెళ్లి తనే తెచ్చుకున్నాడు. అటువైపు వానలు వెలిశాక చేలల్లో గార్నెట్ రాళ్లు బయటపడతాయి. ఒక రైతు గుడ్డమూట విప్పి చూపించాడు. గోమేధికం కూడా ఈ జాతి రాయే కదా అని అడిగితే అవునన్నాడు. జాతి ఒకటే అయినప్పుడు పరాయి దేశపు రాయెందుకు, మన జిల్లా రాయి ఉండగా అని చెన్నకేశవులు లెక్క. ఇక్కడివాళ్లు తమని ఇప్పటికీ మద్రాసీ అనే పిలుస్తారు. బొబ్బిలి దగ్గరి సొంతూళ్లో పలకరించేవాళ్లు మిగల్లేదు. అందుకేనేమో, మీది ఏ ఊరని ఎవరైనా అడిగితే వేలు పైకెత్తి, "ఈ గడ్డలో పుట్టిన రాయి నా వేలిమీద ఉంది. ఇంకేం కావాలి మీకు?" అనేవాడు.

ఈ ఏడు ఆ గర్వం మరీ ఎక్కువైంది. కొత్త రాష్ట్రం రాబోతోంది. ఊళ్లో గోడలకు సున్నం వేస్తున్నారు, కూడళ్లలో స్వాగత కమాన్లు లేపుతున్నారు. మైన్‌పూర్ వజ్రాలు, దేవభోగ్ గార్నెట్లు కొత్త రాష్ట్రానికి పేరు తెస్తాయని పత్రికలో ఎవరో రాస్తే అది చించి గోడకు అంటించాడు. గురుదశ మొదలవగానే రాళ్ల దుకాణం పెడతానన్నాడు. సుభద్ర సాయంత్రాలు కొట్లో కూర్చోవాలన్న మాట ఇంకా పైకి అనలేదు గానీ, బల్ల ఎటువైపు వెయ్యాలో మాత్రం ఆమెనే అడిగాడు.

గురువారం ఉదయం దశ తీరింది. ఉంగరం ఊడి రాలేదు. పద్దెనిమిదేళ్లలో మనిషితోపాటు వేలూ లావెక్కింది. సబ్బు రాశారు, ఆముదం రాశారు. ఉంగరం కణుపు దగ్గరికి వచ్చి ఆగిపోతోంది. చివరికి పక్కింటి ఎస్తేరును పిలిచారు. ఆమె రైల్వే ఆస్పత్రిలో నర్సు, గుడివాడ వైపు మనిషి. ఆ రోజు ఆమెకు డ్యూటీ లేదు. కుట్టుమిషను దారం, సూదీ పట్టుకుని వచ్చింది.

"వేలు ఇటివ్వండన్నయ్యగారూ. అలా ముడుచుకుంటే నేనేం చెయ్యను?"

"నొప్పి పెడతావేమో చెల్లెమ్మా."

"పెడతాను. ఇన్నేళ్లూ అంటిపెట్టుకున్నది ఊరికే వస్తుందా?"

వరహాలమ్మ గుమ్మం పక్కన పీటమీద కూర్చుని చూస్తోంది. చెన్నకేశవులు తల్లి. "నాగీయే ఎస్తేరూ. ఏలూడొచ్చినా పర్నేదు. రాహువొగ్గితే సాలు" అంది.

"అమ్మా! నేను నీ కొడుకునే!"

"అందుకే అన్నానురా."

ఎస్తేరు సూది వెనకవైపుతో దారం కొస ఉంగరం కిందనుంచి అటు దూర్చింది. మిగతా దారం కణుపు మీదుగా గోరుదాకా దగ్గరదగ్గరగా బిగించి చుట్టింది. తర్వాత దూర్చిన కొస పట్టుకుని మెల్లగా విప్పసాగింది. దారం ఒక్కో చుట్టూ విడుతుంటే ఉంగరం ఆ వెంటే ముందుకు జరిగింది. చెన్నకేశవులు "అరే బాప్ రే" అని కళ్లు మూసుకున్నాడు. కళ్లు తెరిచేసరికి ఉంగరం ఎస్తేరు అరచేతిలో ఉంది. వేలి మొదట్లో చర్మం తెల్లగా, నానిన అప్పడంలా మెత్తబడి కనిపించింది.

 అందరూ అతని మొహంలోకే చూస్తున్నారు. సుభద్ర కూడా చూసింది. ఏం కనిపిస్తుందనుకుందో ఆమెకే తెలియదు.

చెన్నకేశవులు వేలు రెండుసార్లు ముడిచి, చాచి చూసుకున్నాడు. "తేలిగ్గా ఉంది" అన్నాడు. తర్వాత, "సుభద్రా, చాయ్ పెట్టు" అన్నాడు.

ఆమె వెళ్లి పెట్టింది.

పాలు పొంగేలోపు వసారాలోంచి ఎస్తేరు పిలిచింది. "వదినా, ఒకసారి ఇటు రా."

ఉంగరాన్ని పళ్లపొడి వేసి బ్రష్షుతో తోమిందామె. రాయి ఒంటికి తగలాలని ఇలాంటి ఉంగరాలకు వెనక బిళ్ల ఖాళీగా వదులుతారు. ఆ సందులో ఇన్నేళ్ల సబ్బూ జిడ్డూ పట్టి రాయి బెల్లప్పాకం ముద్దలా నల్లగా ఉండేది. ఇప్పుడు కిటికీ వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే లోపల్నుంచి ఎర్రబడింది. టార్చిలైటు అద్దాన్ని వేలితో మూస్తే కనిపించే ఎరుపు అది.

వరహాలమ్మ లేచి వచ్చి చూసింది. "గోమేదికం తేనె రంగుండాల గదే? మా మావ సేతికుండేది, నాను సూడనేటి? ఇదేటిలా నెత్తుటి సుక్కలాగుంది?"

"నీకు చత్వారమమ్మా" అన్నాడు చెన్నకేశవులు. కానీ చాయ్ సగంలో వదిలి చొక్కా తొడుక్కున్నాడు. ఎలాగూ గురుదశకు పుష్యరాగం కట్టించాలి, పాత వెండి కంసాలికి ఇవ్వాలి. సుభద్రనూ రమ్మన్నాడు. దశ తీరే రోజని ఆమె సెలవు పెట్టింది.

బంగారయ్య కొట్టు సదర్ బజార్ వెనక సందులో ఉంది. వాళ్ల నాన్న కాలంలోనే రాజమండ్రి నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. అద్దం కంటికి పెట్టుకుని రాయిని అటూ ఇటూ తిప్పాడు.

"దీన్ని గోమేధికమని ఎవరన్నారండీ?"

"జాతి ఒకటేనన్నాడే ఇచ్చినవాడు!"

"జాతి ఒకటేనండి. గోమేధికం కూడా గార్నెట్లో ఒక రకమే. మనుషుల్లో మాత్రం, అన్నదమ్ములందరి రంగూ ఒకటేనా? ఇది ఎర్ర రకం. బజార్లో తామడా అంటారు. మాణిక్యం కొనలేనివాళ్లు సూర్యుడికని పెట్టుకుంటారు. రాహువుకెవరూ పెట్టుకోరు."

"సూర్యుడికా!"

"రాయికేం, బ్రహ్మాండంగా ఉంది. ఒక్క పగులు లేదు. వేలే తప్పు, దశే తప్పు, అంతే." తన మాటకు తనే నవ్వాడు బంగారయ్య. ఎదుటివాళ్లు నవ్వకపోయేసరికి తలదించుకుని కొలిమి పక్కనున్న పట్టకారు సర్దుకున్నాడు.

చెన్నకేశవులు మొహం కాసేపు వాడిపోయింది. సుభద్రకు ఒక్క క్షణం జాలేసింది కూడా. ఇంతలో ఆ మొహం మెల్లగా విచ్చుకోవడం చూసింది. ముందు కళ్లు, తర్వాత నోరు. అతను చెప్పబోయేది నోట్లోంచి రాకముందే ఆమెకు తెలిసిపోయింది.

"అదీ సంగతి! సుభద్రా, ఇప్పుడర్థమైందా? పద్దెనిమిదేళ్లూ రాహువుకి అడ్డేలేదు! పైగా సూర్యుడి రాయి! వాళ్లిద్దరికీ పుట్టువైరం, జానీ దుష్మనీ! నిప్పుమీద నెయ్యి పోసినట్టు అయిందే నా బతుకు. ఇంకోడైతే ఎప్పుడో ఖతం. నేను గనక నిలబడ్డాను."

"అవునండీ" అంది సుభద్ర.

"ఇప్పుడు శాంతి చేయించాలి. ఒక ఏడాదైనా అసలు గోమేధికం పెట్టుకుని తిరగాలి. బాకీపడ్డ శాంతి తీర్చకుండా గురుదశ ఏం ఫలిస్తుంది? అప్పటిదాకా ఇల్లు కదలడాలూ అవీ బిల్కుల్ వద్దు."

సుభద్ర ముక్కాలిపీట మీద కూర్చుని ఉంది. కోపం వస్తుందేమోనని ఎదురుచూసింది. రాలేదు. కోపానికి కూడా ఓపిక ఉండాలి కాబోలు. ఆమె నోటివెంట వచ్చింది వేరే మాట.

"ఆపరేషన్ రోజున మీరు నిజంగానే లేవలేకపోయారా?"

"ఏ ఆపరేషన్?"

ఆమె అతన్నే చూసింది. అతను నిజంగానే వెతుక్కుంటున్నాడు. నుదురు ముడిపడింది. ఎవరి ఆపరేషనో, ఎప్పటిదో అతనికి తట్టడం లేదు. కాసేపటికి తట్టింది. "ఓ, నీదా! అరే, అదీ ఈ రాయి పనేగా!" అన్నాడు సంతోషంగా.

ఎన్నేళ్లుగానో ఆ ఒక్క రోజుని ఆమె గుండెల్లో మోస్తోంది. అతన్ని అనలేక రాహువు నెత్తిన పడేసి, పడేసినా బరువు తగ్గక మళ్లీ తనే ఎత్తుకుని మోస్తోంది. అవతలివాడికి మోయడానికి అందులో ఏమీ లేదు. ఈ ఉంగరం గోమేధికమైనా, తామడా అయినా, వట్టి గాజుపెంకైనా ఇంతే అయ్యేది. ఇలాగే అయ్యేది.

"నేను జగదల్‌పూర్ వెళ్తున్నాను" అంది సుభద్ర.

"ఇప్పుడా? ఇప్పుడే కదా విన్నావు!"

"విన్నాను."

"బంగారయ్యగారూ, మీరైనా చెప్పండి!"

బంగారయ్య కొలిమి ఊదుకుంటున్నాడు. ఆ పూట ఆ కొలిమికి అంత ఊపు అవసరం లేదు.

దశ తీరాక ఆ రాయిని పారే నీళ్లలో వదిలెయ్యాలంటారు గానీ, చెన్నకేశవులు వదలలేదు. సూర్యుడి రాయైతే మరీ మంచిదన్నాడు. కొత్త రాష్ట్రం వస్తుంటే ఈ గడ్డ రాయిని పారేసుకుంటామా అన్నాడు. వెండి చుట్టు పెద్దది చేయించి శుక్రవారానికల్లా ఉంగరం వేలికి ఎక్కించుకుని వచ్చాడు. తల్లికి జరిగిందంతా చెప్పాడు. పెళ్లాం మొండితనం గురించి ఇంకా ఎక్కువ చెప్పాడు.

వరహాలమ్మ అంతా విని, "తన ఏలిమీద రాయేటో తెలీనోడు ఊరికి రాళ్లమ్ముతాడంట" అంది.

చెన్నకేశవులు విసవిసా బయటికి వెళ్లిపోయాడు. పేకాటకే.

సుభద్ర వంటింట్లో నేలమీద కూర్చుని బరబటీ చిక్కుళ్లు తుంచుతోంది. వరహాలమ్మ గోడ పట్టుకుంటూ వచ్చి ఎదురుగా కూలబడింది. కాసేపు ఆమె కూడా నాలుగు కాయలు తుంచింది.

"నా కోకలు సంచీలో ఎట్టీసినాను" అంది.

"ఎందుకత్తా?"

"నానూ వొస్తాను. ఆడితో నానుండను. నువ్వు డూటీకెళ్తే ఇల్లు సూసుకుంటాను. నీకింత వొండిపెడతాను. ఇద్దరం ఆడోళ్లం, మనకెంత కావాల?"

సుభద్ర చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది.

ఈ ఇంట్లో తన పక్షాన మాట్లాడిన మనిషి ఈవిడొక్కతే. ఆపరేషనయ్యాక వేణ్ణీళ్లు పోసింది ఈవిడ. కొడుకు చేసిన ప్రతి పనికీ కోడలి ముందు తలదించుకుంది. ఇప్పుడు కాళ్లు ఆనడం లేదు. తెల్లవారుజామున దొడ్లోకి వెళ్లాలంటే ఎవరో ఒకరు రెక్క పట్టుకోవాలి. ఆ పని ఇన్నాళ్లూ సుభద్రదే. రమ్మంటే ఊరూవాడా మెచ్చుకుంటుంది. కూతురు మెచ్చుకుంటుంది. తన మనసుకూ నెమ్మదిగానే ఉంటుంది.

జగదల్‌పూర్‌లో తను చూడని ఆ గది సుభద్ర కళ్లముందు కదిలింది. గోడవార నులకమంచం. మంచం కింద తమలపాకుల డబ్బా. తెల్లవారుజామున దగ్గు. "సుభద్రా, నేచినావా?" ఆదివారమైనా సరే, "సుభద్రా".

మొగుడికి చెప్పడం ఎంత తేలికైందో ఇప్పుడు తెలిసింది.

"వద్దత్తా. నేనొక్కదాన్నే వెళ్తాను."

వరహాలమ్మ కాయ తుంచడం ఆపింది. "నానేటి సేసినానే?"

"నువ్వేం చెయ్యలేదు. నువ్వు చూసినట్టు మా అమ్మ కూడా చూడలేదు నన్ను. అయినా ఒక్కదాన్నే ఉండాలనుంది."

"ఒంట్లో బాగోనేదేటి?"

"అలిసిపోయానత్తా."

"అలిసిపోతే పడుకోవాల గాని, ఊరొగ్గేసి ఎల్లిపోతారేటి ఎవులైనా?"

"ఇక్కడ పడుకుంటే లేపుతారు."

ముసలావిడ ఇంకేదో అనబోయి ఆగింది. లేపేవాళ్లలో తనూ ఉన్నట్టు అప్పుడే గుర్తొచ్చిందేమో. ఒళ్లో పడ్డ చిక్కుడు ముక్కలు ఏరి పళ్లెంలో వేసింది.

"నన్నెవులు సూస్తారు మరి?" అంది చివరికి. నిష్ఠూరం కాదు. నిజంగానే అడిగింది.

 "ఎస్తేరునడిగాను, పొద్దున్నే వచ్చి చూసి వెళ్తానంది. మీ అబ్బాయి ఉన్నాడు. సెలవులకు నేనొస్తాను" అంది సుభద్ర. ఆ జవాబు ఎంత పలచగా ఉందో చెబుతున్నప్పుడే ఆమెకు తెలిసింది. అయినా మాట వెనక్కి తీసుకోలేదు.

"అలగే" అంది వరహాలమ్మ. ఒప్పుకోలు కాదది. గోడ పట్టుకుని లేచి వెళ్లిపోయింది. కాసేపటికి లోపలిగదిలో ట్రంకుపెట్టె మూత పడ్డ చప్పుడు వినిపించింది. కోకలు మళ్లీ లోపల పెట్టేసుకున్నట్టుంది. సుభద్ర లేచి వెళ్లాలనుకుంది. ఒక అడుగు వేసి, ఆగి, తిరిగి వచ్చి కూర్చుని మిగిలిన చిక్కుళ్లు తుంచింది.

శనివారం పొద్దున్న ఆఫీసుకు బయల్దేరుతుంటే అత్తగారు ఇటు తిరగలేదు. చెన్నకేశవులు పత్రిక చాటున కూర్చుని, "చెప్పేది చెప్పాను. తర్వాత నన్ననొద్దు" అన్నాడు. ఆమె ఎవరినీ ఏమీ అనకుండా చెప్పులు తొడుక్కుంది.

ఆఫీసులో పెద్దాయన, "పక్కాయేనా మేడమ్? కిందటిసారి వద్దన్నారు" అని అడిగాడు. పక్కాయేనంది. కుటుంబం కూడా వస్తుందా అన్నాడు. రాదంది. ఆయన ఇంకేదో అడుగుతాడేమోనని నిలబడింది. ఆయన తలూపి వేరే పనిలో పడ్డాడు. ఇంత పెద్ద సంగతి ఇంత తొందరగా అయిపోవడం ఆమెకు నమ్మబుద్ధి కాలేదు. సంతోషం తర్వాతెప్పుడైనా వస్తుందిలే అనుకుంది. వెళ్లి హెడ్‌సెట్ తగిలించుకుంది.

ఇల్లు చేరేసరికి ఎండ వాలింది. వీధి చివర కమాను కడుతున్నవాళ్లు గట్టిగా కేకలేసుకుంటున్నారు. వరహాలమ్మ గుమ్మంలోనే ఉంది.

"సెప్పీసినావా?"

"చెప్పేశాను."

"ఎప్పుడు?"

"దీపావళి వెళ్లాక."

ముసలావిడ వీధివైపు మొహం తిప్పుకుంది. 

"మజ్జేనం ఆడు చాయ్ ఎట్టినాడు" అంది వరహాలమ్మ. "ఆకు మరగనేదు, పాలు ఇరిగిపోనాయి. తాగమని నెత్తిమీద నిలబడ్డాడు. నువ్వెల్లిందాకా నాకు నువ్వే ఎట్టాల."

"పెడతానత్తా. కాసేపు కూచోనీ."

సుభద్ర చెప్పులు కూడా విడవకుండా గడప మీద కూలబడి, స్తంభానికి తల ఆనించి కళ్లు మూసుకుంది. వరహాలమ్మ ఇంకేదో చెప్పబోయి ఆపుకుంది. కాసేపు కూచోనిచ్చింది.